చింగ్‌మింగ్ పద్యం: బూడిదా, భస్మమా?

చైనాలో దక్షిణ సోంగ్ రాజవంశ కాలపు (1127–1279) కవి గావ్ జు పద్యంలోని రెండు పాదాలివి. ఏటా ఏప్రిల్ 4న గానీ 5న గానీ వచ్చే చింగ్‌మింగ్ నాడు చైనీయులు పెద్దల సమాధులు ఊడ్చి, వాళ్ల కోసం కాగితపు డబ్బు కాలుస్తారు. నా అనువాదం:

కాగితపు బూడిద తెల్ల సీతాకోకలై ఎగిరింది
నెత్తుటి కన్నీరు ఎర్ర దుజువాన్లకు రంగయింది

దుజువాన్ అంటే ఒక పువ్వు, కోకిల జాతి పక్షి కూడా. పాతకాలపు షు రాజ్యానికి రాజైన దు యూ చనిపోయి ఆ పక్షిగా మారి, నెత్తురు కక్కేదాకా ఏడ్చాడని కథ. ఆ శ్లేష తెలుగులో కుదరక పేరు అలాగే ఉంచాను.

– "భస్మం" అంటే ఇంకా గౌరవంగా ఉండదా అండీ? పితృకార్యం కదా.

గౌరవం ఉండాల్సిందే. కాల్చింది పెద్దలకు చేరుతుందన్న నమ్మకం మనకూ ఉంది. పితరులకు కవ్యం, అంటే వాళ్లకిచ్చే ఆహుతి, మోసుకెళ్తాడనే అగ్నిని కవ్యవాహనుడన్నారు. వాళ్ల శ్రద్ధ చూడండి: చైనాలో కొన్నిచోట్ల నేలమీద గుండ్రంగా గీత గీసి, ఒక పక్క దారి వదిలి, లోపల కాగితాలు కాలుస్తారు. డబ్బు తమవాళ్లకే అందాలని. మళ్లీ కొన్ని కాగితాలు గీత బయట కాలుస్తారు, దిక్కులేని ఆత్మల కోసం. నాకు ఆ బయటి కాగితాలే ఎక్కువ నచ్చాయి.

కానీ పద్యం అక్కడితో ఆగదు. పొద్దు గుంకాక సమాధి మీద నక్క పడుకుంటుంది, ఇల్లు చేరిన పిల్లలు దీపం ముందు నవ్వుకుంటారు. బతికుండగా మధువు దొరికితే తాగాలి, ఒక్క చుక్కైనా ఎప్పుడైనా "తొమ్మిది ఊటలకు", అంటే పాతాళానికి, చేరిందా అని కవి ముగిస్తాడు. భస్మం అనగానే నుదుటి విభూతి గుర్తొస్తుంది, ఈ సందేహానికి చోటుండదు. "బూడిదలో పోసిన పన్నీరు" అనుకునే మనకు బూడిద అన్న మాటలోనే ఆ సందేహం వినిపిస్తుంది.

– "పెంట దినెడు కాకి పితరుడెట్లాయెరా" అన్న వేమన గుర్తొచ్చాడు. ఇదీ అదే మాటా?

అంత కోపం లేదండీ ఇందులో. వేమన పిండాలు పెట్టేవాళ్లను గాడిదలని తిడతాడు. గావ్ జు ఎవరినీ తిట్టడు. ఆ కన్నీళ్లనూ చెప్పాడు, పిల్లల నవ్వునూ చెప్పాడు. అందుకే ఆఖరి పాదాన్ని "చేరదు" అని తేల్చేయకుండా "చేరిందా?" అనే ఉంచాలంటాను.