'కాలం మారింది' అంటే మార్చిందెవరు?

నెల్లూరు నుంచి ఒక లెక్చరర్:
డిగ్రీ పిల్లలకు సోషియాలజీలో సామాజిక మార్పు, దాని స్వభావం, లక్షణాలు చెప్తున్నాను. జవాబు ఎవరు రాసినా 'కాలంతో పాటు సమాజం మారుతుంది' అనే మొదలుపెడుతున్నారు. మారడం, మార్చడం రెండూ 'మార్పు' కిందికే వస్తాయా? వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి సభ్యుడు:
వస్తాయి మేడం. తీర్చు–తీర్పు, కూర్చు–కూర్పు, చేర్చు–చేర్పు వరసలో చూస్తే మార్పు అనే రూపం 'మార్చు' పక్కన కుదురుతుంది గానీ, వాడుకలో రుతువుల మార్పు అన్నా చట్టంలో మార్పు అన్నా ఒకటే మాట, చేసినవాళ్లు ఉన్నారో లేదో అది చెప్పదు. అందుకని క్రియతో రాయించండి, కర్త ఎవరో వాళ్లే వెతుక్కుంటారు.

ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చి ఊళ్లల్లో ఆడవాళ్లు రాత్రిపూట చదువుకు కూర్చున్నారు, వాచకంలో సారా వల్ల కొంపలు కూలడం గురించి చదివారు, అది వాళ్ల ఇంటి సంగతే. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారు, తోటి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు. 1992కి అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఇంత జరిగాక 'కాలం మారింది' అని రాస్తే రోశమ్మ గారు వాక్యంలోనే లేకుండా పోతారు, నాకది అస్సలు ఒప్పదు.

అట్టని అన్నీ ఎవరో అనుకుని చేసినవే అనలేం. కార్యక్రమం పెట్టింది అక్షరాల కోసం, సారా పోరాటం దాంట్లోంచి లేచింది. తర్వాత 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు, సారా నిషేధం మాత్రం నిలిచింది. మార్పు ఒకే దిక్కుకు పోదని చెప్పడానికి పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి?

కందుకూరు నుంచి ఒక అక్క:
మా ఊరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలోకి పోయింది, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. అందరం 'జిల్లా మారింది' అనే అంటాం. ఇది సామాజిక మార్పేనా అన్నా?

కావలి సభ్యుడు:
కాదక్కా, అది పాలనలో మార్పు. మనిషికీ మనిషికీ మధ్య నడిచే తీరు మారితేనే సామాజిక మార్పు అంటారు. దూబగుంటలో కొట్టు మూతపడటం కంటే, మగవాళ్ల తాగుడు గురించి ఆడవాళ్లు వీధిలో నిలబడి మాట్లాడటం పెద్ద సంగతి.

ఇంకొక మాట మేడం. 'సారా పాటలు ఆపించారు' అని రాస్తే ఈ కాలం పిల్లలు పాడే పాటలు అనుకుంటారు. అవి కొట్లకు పెట్టే వేలంపాటలు, 'పాట పాడుకున్నాడు' అంటే వేలంలో దక్కించుకున్నాడని. చెరువు చేపలకు, గుడి మాన్యాలకు ఇప్పటికీ అదే మాట వాడుతున్నాం.