'ముగ్గుల స్పర్ధలు' అని రాస్తే తప్పా? స్పర్ధ, పోటీ, పందెం, వైరం గురించి సందేహం

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్లో సంక్రాంతికి తెలుగువాళ్ళమంతా కలిసి ముగ్గులు, పిల్లల క్రికెట్టు, ఉపన్యాసాలు పెడుతున్నాం. నోటీసు రాసే పని నాకు అప్పజెప్పారు. కన్నడ నోటీసులో 'రంగోలి స్పర్ధె' అని ఉంది. దాన్ని చూసి నేను 'ముగ్గుల స్పర్ధలు' అని పెద్దక్షరాలతో రాసి, ఫొటో తీసి ఇంటికి పంపాను. వెంటనే తెనాలి నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, "ముగ్గుల దగ్గర ఏం గొడవలొచ్చాయమ్మా మీకు?" అని అడిగారు.

నా చదువంతా బెంగళూరులోనే. ఇంట్లో తెలుగు మాట్లాడతాను గానీ రాయడం తక్కువ. నిఘంటువు తీస్తే స్పర్ధ అంటే పోటీ అనే ఉంది. మరి తప్పెక్కడ?

ఇంకో రెండు సందేహాలున్నాయి. క్రికెట్ ఫైనల్ ఏ బ్లాకుకీ సీ బ్లాకుకీ మధ్య. మైకులో 'వైరి జట్లు' అనొచ్చా? మా అబ్బాయి తన ఉపన్యాసంలో 'ఆరోగ్యకరమైన పోటీ' అని రాసుకున్నాడు. పేపర్లలో చూసిన మాటే, కానీ వాడి నోట్లో అతికించినట్టుగా ఉంది. దాని బదులు ఏమనొచ్చు?

జవాబు (యలహంక, సొంతూరు హిందూపురం)

అక్కా, మీ అత్తగారు చెప్పింది నిజమే. 'ముగ్గుల పోటీలు' అని మార్చేయండి. మాది సరిహద్దు ఊరు కాబట్టి చిన్నప్పటి నుంచి ఈ తికమక చూస్తూనే ఉన్నాం. కన్నడంలో ఎన్నికల్లో నిలబడినా స్పర్ధే, ఉద్యోగాల పరీక్ష కూడా 'స్పర్ధాత్మక పరీక్షె'యే. మనకు అది పోటీ పరీక్ష. వాళ్ళకు స్పర్ధెలో చేదు లేదు, మనకు ఉంది.

ఇంకొక్క జాగ్రత్త. క్రికెట్ మ్యాచ్‌ని కన్నడంలో 'పంద్య' అంటారు. దాన్ని చూసి మీరు 'క్రికెట్ పందెం' అని రాస్తే, డబ్బులు కాస్తున్నారని అనుకుంటారు. మ్యాచ్ అనే రాయండి.

జవాబు (మల్లేశ్వరం, తెలుగు పంతులుగా పనిచేసి విరమించినవాడిని)

అమ్మా, నీ నిఘంటువు అబద్ధం చెప్పలేదు. సంస్కృతంలో స్పర్ధ అంటే ఒకరితో ఒకరు పోటీ పడటమే. 'స్పర్ధయా వర్ధతే విద్యా' అని మా తరం బడిలో విన్నాం. పోటీ ఉంటే చదువు పెరుగుతుందని దాని అర్థం. కన్నడం ఆ పాత అర్థాన్ని అలాగే నిలుపుకుంది. తెలుగులో మాత్రం ఆ మాట ఇంటి తగాదాల్లోకి వెళ్ళిపోయింది. 'అన్నదమ్ముల మధ్య స్పర్ధలొచ్చాయి' అంటాం, 'మనస్పర్ధలు' అంటాం. బహువచనంలో వేస్తే ఇక గొడవ తప్ప వేరే అర్థం తోచదు. నువ్వు రాసింది సరిగ్గా ఆ బహువచనమే. అందుకే మీ అత్తగారు కంగారుపడ్డారు.

పోటీ అనే మాట విషయానికొస్తే, దాని పక్కన ఏ క్రియ పెడతామన్నదే అసలు సంగతి. పిల్లలకు తెలుగు చెప్పినన్నాళ్ళూ నేను దీని మీదే ఎక్కువసేపు ఆగేవాణ్ణి. పోటీ చేశాడంటే ఎన్నికల్లో నిలబడ్డాడని అర్థం. పోటీ పడ్డాడంటే గెలవాలని గట్టిగా ప్రయత్నించాడని. 'నాకు పోటీకొచ్చాడు' అన్నామంటే అందులో ఫిర్యాదు ఉంది, వాడు రాకుండా ఉండాల్సింది అని మనసులో ఉంది. 'మా కొట్టుకు పోటీగా ఎదురుగా ఇంకో కొట్టు తెరిచాడు' అన్నప్పుడు ఆ ఫిర్యాదు ఇంకా పెరుగుతుంది.

వీటన్నిటికీ భిన్నంగా 'పోటీలు పడి' అనే వాడుక ఒకటుంది. 'పెళ్ళిలో వదినలిద్దరూ పోటీలు పడి వడ్డించారు', 'చుట్టాలు పోటీలు పడి భోజనానికి పిలిచారు'. ఇందులో ఓడినవాళ్ళెవరూ లేరు. ఉత్సాహం మాత్రమే ఉంది. మీ అబ్బాయి వెతుకుతున్నది ఇదే. 'ఆరోగ్యకరమైన పోటీ' తప్పేమీ కాదు, పత్రికల్లో స్థిరపడిపోయింది, కానీ అది ఇంట్లో పుట్టిన మాట కాదు. 'మేమిద్దరం పోటీలు పడి చదివాం, ఇద్దరికీ మంచి మార్కులొచ్చాయి' అని చెప్పమను. పైన చెప్పిన సంస్కృత వాక్యం కూడా ఉపన్యాసానికి చక్కగా పనికొస్తుంది.

వైరి మాత్రం వద్దు. వైరం నిలిచిపోయేది, తరాలు దాటేది. పాముకీ ముంగిసకీ ఉన్నది వైరం. రెండు బ్లాకుల పిల్లలకు అది అంటగట్టకూడదు. 'ప్రత్యర్థి జట్టు' అనండి. పాత న్యాయశాస్త్రాల్లో అర్థి అంటే దావా వేసినవాడు, ప్రత్యర్థి అంటే దానికి జవాబు చెప్పుకునేవాడు. అంటే ఎదుట నిలబడినవాడే గానీ శత్రువు కాడు. ఆట అయిపోయాక ప్రత్యర్థితో కలిసి భోంచేయవచ్చు.

పందెం గురించి హిందూపురం మిత్రులు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. కోడిపందెంలో డబ్బు ఉంటుంది, పరుగుపందెంలో ఉండదు. కాబట్టి పిల్లల పరుగుకు 'పరుగుపందెం' అని నిశ్చింతగా రాయవచ్చు.

జవాబు (టి. నగర్, చెన్నై)

మాకిక్కడ ఆ ఇబ్బంది రాలేదండీ. తమిళంలో ముగ్గుల పోటీని 'కోలప్పోట్టి' అంటారు. మాట దాదాపు మనదే, అర్థమూ అదే. తేడా వచ్చేది ఇంకో చోట. తమిళంలో 'ఎదిరి' అంటే శత్రువు. ఆటలో ఎదుటివాణ్ణి చెప్పాలంటే 'ఎదిరాళి' అనాలి. మన పాత తెలుగులోనూ ఎదిరి ఉంది గానీ ఇంత కోపం ఉండదు.

మీ ఏ బ్లాకూ సీ బ్లాకూ ఒకే ఆవరణలో ఉన్నాయి కాబట్టి 'దాయాదుల పోరు' అంటే మైకులో బాగుంటుంది. భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌కి తెలుగు పత్రికలు వాడేది ఇదే. దాయం అంటే వంతుకు వచ్చే ఆస్తి, దాన్ని పంచుకునేవాళ్ళు దాయాదులు. తమిళంలో 'పంగాళి' అన్నా ఇదే, పంగు అంటే వాటా. మా నాయనమ్మ 'పాలివాళ్ళు' అనేది. అందులోనూ పాలు అంటే వాటాయే. ఇంటి ఆస్తి పంచుకున్నవాళ్ళ మధ్య పోరును మూడు మాటలూ వాటా పేరుతోనే గుర్తుపెట్టుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మళ్ళీ అడిగినవారు (మారతహళ్ళి)

అందరికీ చాలా థాంక్స్. నోటీసు మార్చాను. మాస్టారూ, మా అబ్బాయి ఉపన్యాసంలో ఇంకో వాక్యముంది: 'పోటీ ఉండాలి, ఈర్ష్య, అసూయ ఉండకూడదు'. రెండూ ఒకటే కదా, ఒకటి తీసేయనా?

జవాబు (మల్లేశ్వరం)

తీసేయకమ్మా, రెండూ ఒకటి కావు. అమరకోశం వీటిని విడిగా చెప్పింది. ఈర్ష్య అంటే ఓర్వలేకపోవడం. అసూయ అంటే ఎదుటివాడి మంచి గుణంలో కూడా దోషం వెతికి అంటగట్టడం. తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లవాణ్ణి చూసి 'నాకెందుకు రాలేదు' అని కుమిలితే ఈర్ష్య. 'వాడికేం, ట్యూషన్ మాస్టారు పేపరు చెప్పేశాడు' అంటే అసూయ. మొదటిది మనసులో ఉండి మనల్నే బాధపెడుతుంది, రెండోది బయటికొచ్చి అవతలివాడి పేరు చెడగొడుతుంది. అరిషడ్వర్గంలో ఆరోదైన మాత్సర్యం కూడా ఈ కుటుంబానిదే, కానీ పిల్లవాడి ఉపన్యాసానికి అంత పెద్ద మాట బరువవుతుంది.

జవాబు (యలహంక)

మాస్టారూ, మరి కడుపుమంట? కన్నడంలో 'హొట్టెకిచ్చు' అంటే నేరుగా అసూయే.

జవాబు (మల్లేశ్వరం)

మనకు అది రెండు దారుల్లో పోతుంది బాబూ. 'వాడికి కడుపుమంట' అంటే ఓర్వలేనితనం. కానీ 'కడుపు మండి మాట్లాడాడు' అంటే అన్యాయం జరిగినవాడి కోపం, అందులో న్యాయం ఉంది. రెండోదాన్ని అసూయ కింద కట్టేస్తే ఆ మనిషికి మళ్ళీ అన్యాయం చేసినట్టవుతుంది. ఈ తేడా పోకుండా చూసుకోవాలని నా కోరిక.

మళ్ళీ అడిగినవారు

మైకులో చెప్పడానికి ఇలా రాసుకున్నాను, చూడండి: "ఏ బ్లాకు, సీ బ్లాకు దాయాదుల పోరు. కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ కావాలంటారు, ఈ రెండు జట్లూ సమఉజ్జీలే. ముగ్గుల పోటీలు పొద్దున 7 గంటలకు, పిల్లల పరుగుపందెం 9 గంటలకు, క్రికెట్ మ్యాచ్ 10 గంటలకు."

జవాబు (మల్లేశ్వరం)

బాగుంది. 'చివరగా అందరం కలిసి భోజనం' అని సమయంతో సహా ఒక వాక్యం కలుపు. అచ్చుకి పంపే ముందు అత్తగారికి ఒకసారి చదివి వినిపించు.