పిల్లల టీకాలను చట్టం చేసి తప్పనిసరి చేయాలా?

కృష్ణాతీరం:
ఒకటో తరగతిలో చేర్చుకునే ముందు టీకా కార్డు చూడాలని మా బడి సమావేశంలో ఒకరు అనగానే సగం మంది తల్లిదండ్రులు లేచి వెళ్లిపోయారు. సార్వత్రిక టీకా కార్యక్రమం 1985 నుంచి ఉచితంగా నడుస్తున్నప్పటికీ, పిల్లలకు టీకాలు వేయించని వారిని నిలదీసే చట్టం దేశమంతటికీ లేదు. ఉండాలంటారా? జరిమానా మేలా, ప్రవేశం నిరాకరించడం మేలా?

భద్రాచలంవాసి:
జరిమానా సంగతి తరువాత చూద్దాం, ముందు అంగీకారం సంగతి తేల్చండి. 2009లో మా ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేసినప్పుడు, తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలను ఎన్నో చోట్ల హాస్టలు వార్డెన్లే చేశారని తరువాతి విచారణలో బయటపడింది. నా మేనకోడలు సెలవులకు వచ్చి, పుస్తకంలో దాచుకున్న కార్డు తీసి చూపిస్తే గాని మా అక్కకు సంగతి తెలియలేదు.

పిల్లలవైద్యుడు:
ముప్ఫై ఏళ్లుగా చిన్నపిల్లలకే వైద్యం చేస్తున్నాను కనుక చెబుతున్నాను. 2010లో నిలిపివేసిన ఆ అధ్యయనాన్ని జాతీయ పట్టికలోని టీకాలతో ముడిపెట్టడం తగదు. కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చిన బిడ్డను మీలో ఎవరూ చూసి ఉండరు. గొంతులో బూడిద రంగు పొర కట్టి, దవడల కింద మెడంతా వాచి, ఊపిరి తీసినప్పుడల్లా గురక లాంటి చప్పుడు వస్తుంటే, ఏ తల్లీ అంగీకార పత్రం గురించి అడగదు.

భద్రాచలంవాసి:
అయ్యా, టీకా చెడ్డదని నేను అనలేదు, సంతకం గురించి అన్నాను. చట్టం లేనప్పుడే అడగని వారు, చట్టం చేతికి వచ్చాక అడుగుతారా? మీ ముప్ఫై ఏళ్లు దీనికి సమాధానం కావు.

డాలస్‌అమ్మ:
తప్పనిసరి అంటే ఎలా ఉంటుందో నేను చూశాను. మా బాబుకు తొమ్మిదో నెలలో గుంటూరులో వేయించిన తట్టు టీకాను ఇక్కడి బడి లెక్కలోకి తీసుకోలేదు, మొదటి పుట్టినరోజు దాటాక వేసినదే చెల్లుతుందన్నారు. అంత పట్టుదల గల టెక్సాస్‌లోనే మనస్సాక్షి పేరిట మినహాయింపు పత్రం ఇస్తే పిల్లలను చేర్చుకుంటారు. 2025లో ఇక్కడ తట్టు ప్రబలి 762 కేసులు నమోదయ్యాయి, టీకా వేయించని ఇద్దరు పిల్లలు మరణించారు.

గోదావరినాన్న:
అయితే తొమ్మిదో నెల సూది దండగేనా? చెల్లని సూదిని తప్పనిసరి చేయమంటున్నారా?

పిల్లలవైద్యుడు:
దండగ కాదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు (యాంటీబాడీలు) ఏడాది లోపు టీకా పనిని కొంత అడ్డుకుంటాయి, అయినా మన దగ్గర పసితనంలోనే తట్టు సోకే ముప్పు ఎక్కువ కనుక ముందే వేసి, 16 నుంచి 24 నెలల మధ్య రెండో మోతాదు ఇస్తారు. చదవకుండా వాదించవద్దు.

గోదావరినాన్న:
చదివే అడిగాను. జవాబు చెప్పండి, పాఠం చెప్పవద్దు.

ఏఎన్ఎం_శ్రీకాకుళం:
బుధ, శనివారాల్లో ఐస్ ప్యాకుల డబ్బా భుజాన వేసుకుని తిరిగేదాన్ని నేను. టీకా వద్దన్న తల్లి నాకు ఏడాదికి ఒకరిద్దరే ఎదురవుతారు. మిగిలిన వారు, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంటు టీకా వేశాక బిడ్డకు జ్వరం వస్తే మరునాటి కూలి పోతుందని, ఇటుక బట్టీలకు వలస వెళ్లామని తప్పిపోయినవారే. జరిమానా వేస్తే పడేది వారి మీదే. భద్రాచలంవాసి గారూ, మీ మేనకోడలి కార్డు మీద రెండో మోతాదు తేదీ ఉందా?