మే నెలాఖరులో హావ్‌లాక్ వెళ్తే డబ్బు దండగేనా?

కోనసీమ కోడలు: పెళ్లిళ్ల హడావిడి ముగిసేసరికి మే మూడో వారం దాటుతుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఈ మధ్యలో అండమాన్ వెళ్లి హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) తీరంలో నాలుగు రోజులు ఊరికే కూర్చుని వద్దామని నా కోరిక. వానల్లో సముద్రం దగ్గర ఏం పని అని మా వారు. మీరేమంటారు?

ఉప్పుగాలి: మీ వారి మాటే వినండి. నైరుతి అంటే మనకు కేరళ, జూన్ 1 గుర్తొస్తాయి. అండమాన్‌ను అది అంతకు పది రోజుల ముందే తాకుతుంది. వాన ఒక్కటే అయితే గొడుగు వేసుకుని తిరగవచ్చు. అందరూ ఫొటోల్లో చూసి మోజుపడే రాధానగర్ తీరం పడమటి ముఖంగా ఉంటుంది. నైరుతి గాలి తోసే అలలు తిన్నగా అక్కడికే వస్తాయి. ఎర్ర జెండా పాతారంటే ఒడ్డున నిలబడి చూడాల్సిందే. ఆ నీలం నీళ్లు కావాలంటే జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్లాలి.

నీలాటిరేవు: దీవికి తూర్పు వైపు కూడా ఉందండీ! విజయనగర్, కాలాపత్థర్ తీరాలకు ఆ గాలి చాటవుతుంది. ఆటు సమయంలో విజయనగర్‌లో నీరు చాలా దూరం వెనక్కి తగ్గి, రాళ్ల సందుల్లో గుంటలు మిగులుతాయి. వాటిలో గోరంత చేపలు, అరువు తెచ్చుకున్న గవ్వను వీపున మోస్తూ నడిచే ఎండ్రకాయలు. పిల్లలు అక్కడి నుంచి కదలరు. రబ్బరు చెప్పులు తప్పనిసరి, పగడపు ముక్కలు పాదాలు కోస్తాయి. ఇక సీజన్ అంటారా, 2016 డిసెంబరులో సీజనే అనుకుని వెళ్లినవారు వెయ్యి మందికి పైగా వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోతే నౌకాదళం, తీర రక్షక దళం బయటికి తెచ్చాయి. 2019లో జనవరి మొదట్లోనే పబుక్ తుఫాను వచ్చింది.

ఉప్పుగాలి: ఎప్పుడో వచ్చే వాయుగుండాన్ని ఏటా తప్పకుండా వచ్చే నైరుతికి పోటీ పెట్టడం గడుసుతనం. విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లో ఏడాదికి సుమారు 3000 మి.మీ. వాన పడుతుంది, అందులో అధిక భాగం మే నుంచి నవంబరు లోపే. మాకు గాలి వల్ల పడవ రద్దయింది, తిరుగు విమానం తప్పింది, హోటల్ వారు అదనపు రాత్రికి రెట్టింపు ధర లాగారు. అది మీరు కడతారా?

బందరు బాటసారి: ఇద్దరూ మరిచిన సంగతి ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి సముద్రం బాగా వేడెక్కుతుంది. 2010లో ఆ వేడికే పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. కాబట్టి ఎండలు ముదిరిన సముద్రం పర్యాటకుడికి ముద్దు, పగడానికి గండం. మరో మాట: అక్కడ కూడా మన గడియారమే, కానీ మనకన్నా చాలా తూర్పున ఉంది. సాయంత్రం ఐదున్నర దాటితే చీకటే. ఏ కాలంలో వెళ్లినా తెల్లవారుజామున లేవనివారికి సగం రోజు పోయినట్టే.

నీలాటిరేవు: ఉప్పుగాలి గారూ, మీ నష్టం నిజమే. కానీ అది కాలం చేసిన తప్పుకన్నా వరస తప్పడం. విమానం దిగిన రోజో మర్నాడో హావ్‌లాక్‌కు దాటేయాలి, అది గంటన్నర రెండున్నర గంటల పడవ ప్రయాణమే. పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలు, మ్యూజియంలు చివరి రెండు రోజులకు ఉంచుకోవాలి. అప్పుడు ఒక పడవ తప్పినా విమానం తప్పదు.

ఉప్పుగాలి: ఆ వరస ఒప్పుకుంటాను. రాధానగర్‌లో ఈత కొట్టవచ్చని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకండి.

కోనసీమ కోడలు: తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు చూస్తున్నాను. మా వారు ఇదంతా చదివి, అరకులో కూడా వాన పడుతుంది, అక్కడికి పడవ అక్కర్లేదు అంటున్నారు.