లంక ఇంటికి సొంత కరెంటు: గాలిమర మేలా, సోలార్ మేలా?

లంకవాసి (పి.గన్నవరం వైపు)
గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడల్లా మా లంకకు కరెంటు ఆపేస్తారు. నీరు తగ్గి, స్తంభాలు సరిచూసేదాకా తిరిగి ఇవ్వరు. ఆ రోజుల్లో రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఫోన్లు నడిచే ఏర్పాటు సొంతంగా చేసుకోవాలనుకుంటున్నాను. పాత కారు ఆల్టర్నేటర్‌కు (ఇంజను తిప్పితే కరెంటు ఇచ్చే యంత్రం) రెక్కలు బిగించి డాబా మీద గాలిమర నిలబెట్టవచ్చా? లేక సోలార్ పెడితే ప్యానెల్ ఎన్ని వాట్లది కావాలి, బ్యాటరీ ఎంతది ఉండాలి, పిడుగుల నుంచి రక్షణ ఎలా? ఇంటికి దక్షిణాన కొబ్బరి చెట్లు ఉన్నాయి.

గాలివాటం (కాకినాడ)
ఆల్టర్నేటర్ ఆలోచన మానుకోండి. అది నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగితే గాని ఛార్జింగు మొదలుపెట్టదు, రెండు మీటర్ల వ్యాసమున్న రెక్కలేమో మామూలు గాలికి రెండు మూడు వందల చుట్లు తిరగడమే గొప్ప. శాశ్వత అయస్కాంతాలతో జనరేటర్ చుట్టుకోవాలి. నేను చుట్టినది సముద్రపు ఒడ్డున చక్కగా పనిచేస్తోంది. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సెకనుకు 4 మీటర్ల గాలిలో 30, 40 వాట్లిచ్చే రెక్కలు 8 మీటర్ల గాలిలో దాదాపు ఎనిమిది రెట్లు ఇస్తాయి. కొబ్బరి తోటల నడుమ ఆ గాలి మీకు అందదు, అందినా సుడులు తిరుగుతూ వస్తుంది. చెట్ల తలలకన్నా పది మీటర్లు పైకి స్తంభం వేయగలిగితేనే ఈ పనికి పూనుకోండి.

డాబాసోలార్ (పాలకొల్లు)
గాలిమర గొడవ ఎందుకండీ? 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. నేను నెట్ మీటరుతో (లైనుకు ఇచ్చిన కరెంటును వాడకంలోంచి తీసివేసే మీటరు) పెట్టించుకున్నాను, బిల్లు భారం చాలావరకు దిగిపోయింది. నీడ పడే కొబ్బరి చెట్లు రెండు కొట్టించాను, మీరూ అదే చేయండి.

దింపురైతు (అంబాజీపేట)
చెట్లు కొట్టించమని అంత తేలికగా ఎలా చెప్పగలుగుతున్నారు? కొబ్బరి చెట్టును మేము కన్నకొడుకులా చూసుకుంటాం. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకూలాయి, తిరిగి నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. అవి చూసినవారెవరూ ప్యానెల్ కోసం కాపున్న చెట్టు మీద గొడ్డలి వేయరు.

డాబాసోలార్
నా స్థలంలో, నా చెట్లు, నా ఖర్చుతో కొట్టించాను. ప్యానెల్ మీద ఒక్క మట్ట నీడ పడినా దాని దిగుబడిలో మూడో వంతు పోవచ్చునని మీకు తెలుసా?

దింపురైతు
తెలుసు. ప్యానెల్‌ను పక్కకు జరపవచ్చునని మీకు తెలుసా? చెట్టును జరపలేము.

పాలిటెక్నిక్‌మాస్టారు (అమలాపురం)
ముప్పై ఏళ్లపాటు విద్యుత్ శాఖ విద్యార్థులకు పాఠం చెప్పినవాడిని. కోపాలు పక్కనపెట్టి లెక్క చూడండి. మన అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి డాబాకన్నా 12 మీటర్లు ఎత్తైన చెట్టు దక్షిణాన ఉంటే ఆ వేళకు దాని నీడ 10 మీటర్ల దూరం పడుతుంది. గోదావరి వరదలు సాధారణంగా జూలై, ఆగస్టు నెలలవి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు, ఆగస్టు చివరికి కూడా దాదాపు నడినెత్తినే ఉంటాడు. లంకవాసి గారికి అవసరమైన రోజుల్లో దక్షిణపు చెట్ల వల్ల నష్టం స్వల్పం. కొట్టించనక్కరలేదు.
డాబాసోలార్ గారూ, మరొక మాట. మీరు పెట్టించినది బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపి నడిచే గ్రిడ్ ఇన్వర్టర్ అయితే లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. మీ ప్యానెల్ కరెంటు లైనులోకి పోకుండా, లైన్‌మన్ ప్రాణం కాపాడటానికి అలా తయారుచేస్తారు. వరదలో లంకవాసి గారికి మీ సలహా పనికిరాదు.

డాబాసోలార్
వరదకు పనికిరాదని ఒప్పుకుంటాను. తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి కదా, అప్పటి నీడకు మీ లెక్క ఏమంటుంది?

దింపురైతు
తుపాను రోజున ఎండే ఉండదు, ఇక నీడ ఎక్కడిది?

చెరువుగట్టు (భీమవరం)
ఇళ్ల సంగతి ఎలా ఉన్నా, రొయ్యల చెరువుకు సోలార్ పెట్టుకోవచ్చా అన్నది ఎవరైనా చెప్పాలి. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆ వేళ ఆగితే పంట మొత్తం పోతుంది. పగటి ఎండ నాకేం ఉపయోగం?

పాలిటెక్నిక్‌మాస్టారు
రెండు హెచ్‌పీ ఏరియేటర్ సుమారు 1.5 కిలోవాట్లు తీసుకుంటుంది. నాలుగు కలిసి రాత్రి 8 గంటలు తిరిగితే 48 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత దాచుకుంటుందో చెప్పే కొలత) లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి ఒక్కొక్కటి 0.9 యూనిట్ ఇస్తుంది. యాభైకి పైగా బ్యాటరీలు పెడతారా? పగటి బిల్లు తగ్గించుకోవడానికి ప్యానెళ్లు పెట్టుకోండి, రాత్రికి డీజిల్ జనరేటర్‌ను మాత్రం వదలకండి.

ఉప్పుగాలి (అంతర్వేది)
ఒడ్డున ఉండేవారికి ఒక హెచ్చరిక. ఇనుప బోల్టులు మా గాలికి తొందరగా తినుకుపోతాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి, గాల్వనైజ్డ్ స్టాండుకు రంధ్రం చేసిన ప్రతిచోటా జింక్ పెయింట్ పూయండి, ఐఈసీ 61701 అనే అంతర్జాతీయ ప్రమాణపు ఉప్పు పరీక్ష నెగ్గిన ప్యానెల్ అడిగి తీసుకోండి. బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లని పొర కడుతుంది, వాన నీటితో కడగండి.

లంకవాసి
చెట్ల విషయం తేల్చినందుకు కృతజ్ఞతలు. బ్యాటరీ, పిడుగుల గురించి అడిగినది అలాగే ఉండిపోయింది.

పాలిటెక్నిక్‌మాస్టారు
తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు తీసుకుంటే మీ రోజువారీ వాడకం ఒక యూనిట్ లోపే. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, ముసురు రోజులను లెక్కలో పెట్టుకుని 500 వాట్ల ప్యానెళ్లు చాలు. ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు (బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసే పెట్టె) సన్నని తీగ లాగవద్దు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 10 ఆంపియర్లు 20 మీటర్ల దూరం వెళ్లి తిరిగి వచ్చేసరికి దాదాపు 3 వోల్టులు పోతాయి.

గాలివాటం
పిడుగు సంగతి నేను చెబుతాను. ప్యానెల్ ఫ్రేములు, స్టాండు, గాలిమర వేస్తే దాని స్తంభం, అన్నిటినీ ఒకే ఎర్తింగ్‌కు కలపండి, కంట్రోలర్ ముందు డీసీ సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు వల్ల ఎగసిన వోల్టేజీని భూమిలోకి మళ్లించేది) పెట్టండి. బ్యాటరీ, కంట్రోలర్ రెండూ మీ ఊళ్లో పెద్ద వరద ఎంతవరకు వచ్చిందో ఆ గుర్తుకు పైన బల్ల మీద ఉండాలి. వెలుతురు ఉన్నంతసేపు ప్యానెల్ తీగల్లో వోల్టేజీ ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కాబట్టి నీరు గుమ్మం దాటకముందే డీసీ స్విచ్ తీసేయాలి. ఆ స్విచ్ కూడా డాబా పైనే ఉండాలి.