1952 షెవర్లే 3100: పాత ఇంజన్‌తోనే నిలబెట్టాలా, కింద ఛాసిస్ మార్చేయాలా?

కొత్త_గ్యారేజీ:
టెక్సస్‌లోని డెంటన్ దగ్గర ఒక రైతు కొట్టంలో 1952 షెవర్లే 3100 పికప్ అమ్మకానికి ఉంది. మూలల్లో కూడా అద్దాలున్న ఐదు అద్దాల క్యాబ్. 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, మూడు గేర్ల బాక్సు, రెండూ బండితో వచ్చినవేనట. ఇరవై ఏళ్ళుగా స్టార్ట్ చేయలేదు కానీ ఇంజన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. వెనక తొట్టి చెక్కలు పుచ్చిపోయాయి. 6,000 డాలర్లు అడుగుతున్నారు, టైటిల్ (యాజమాన్య పత్రం) ఉంది. మా పక్కింటాయన పై బాడీ మాత్రం ఉంచి కింద ఎస్-10 (షెవర్లే వాళ్ళదే తర్వాతి కాలపు చిన్న పికప్) ఛాసిస్, కొత్త వీ8 ఇంజన్ పెట్టుకోమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నెలకు రెండుసార్లు పిల్లల్ని ఎక్కించుకుని ఊళ్ళో తిరగాలన్నదే నా ఆశ. ఏం చేయమంటారు?

హైవే_మనిషి:
మీ పక్కింటాయన మాటే నాదీ. ఆ ఇంజన్ 92 హార్స్‌పవర్. వెనక ఆక్సిల్ గేరు నిష్పత్తి 4.11 (చక్రం ఒక చుట్టుకు షాఫ్టు 4.11 చుట్లు తిరగాలి), కాబట్టి గంటకు 50 మైళ్ళు దాటితే అరుపు తప్ప పరుగుండదు. మన టెక్సస్‌లో ఏ ఊరికెళ్ళాలన్నా హైవే ఎక్కాల్సిందే. పొడుగు తొట్టి ఎస్-10 వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) సుమారు 118 అంగుళాలు, దీనిది 116. డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, 12 వోల్టుల వైరింగ్ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. నడపని బండిని ఎంత అందంగా చేసి ఏం లాభం?

ఆరు_సిలిండర్లు:
హైవే_మనిషి గారూ, రెండంగుళాల తేడాయే కదా అనిపిస్తుంది. క్యాబ్ మౌంట్లు (క్యాబ్‌ను ఛాసిస్‌కు బిగించే చోట్లు) కొత్తగా వెల్డింగ్ చేయాలి, చక్రాలు మడ్గార్డుల మధ్యలోకి సరిగ్గా రావాలి, స్టీరింగ్ కాలమ్ కుదరాలి. ఇలా సగం విప్పి వదిలేసిన ట్రక్కులు ఎన్ని అమ్మకానికి వస్తాయో మీకూ తెలుసు. నేను 1950 బండి ఒకటి నాలుగేళ్ళు కూర్చుని చేశాను. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

216 గురించి భయపెట్టేవాళ్ళు దాన్ని అర్థం చేసుకోరు. ఇందులో కనెక్టింగ్ రాడ్లకు విడి బేరింగ్ షెల్స్ ఉండవు, బ్యాబిట్ లోహాన్ని రాడ్ మీదే కరిగించి పోస్తారు. రాడ్ల అడుగున చిన్న చెంచాల్లాంటివి ఉంటాయి. అవి ఇంజన్ అడుగున నూనె ఉండే పాన్‌లోని తొట్లలోంచీ, నాజిల్స్ చిమ్మే ధారలోంచీ నూనె అందుకుంటాయి. అందుకే నూనె ప్రెషర్ ముల్లు తక్కువగా ఉంటుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. ఊరి వేగంలో ఏళ్ళకేళ్ళు నడుస్తుంది. హైవే మీద గంటల తరబడి తరిమితేనే రాడ్లు కొట్టుకోవడం మొదలవుతుంది.

వేగమే కావాలంటే ఛాసిస్ కోయకుండానే దారి ఉంది. 1954 నుంచి వచ్చిన షెవర్లే 235 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌లో రాడ్లకు కూడా ప్రెషర్‌తోనే నూనె అందుతుంది. వాటర్ పంప్ దగ్గర కొంత సర్దుబాటు చేస్తే ఇదే చోట కూర్చుంటుంది. 1950-54 పవర్‌గ్లైడ్ (షెవర్లే ఆటోమేటిక్ గేర్‌బాక్సు) కార్ల 3.55 గేరు సెట్టు ఈ ఆక్సిల్ హౌసింగ్‌లోనే పడుతుంది. రేపు ఎవరికైనా పాతది కావాలంటే అన్నీ వెనక్కి బిగించుకోవచ్చు. కోసిన ఛాసిస్‌ను అలా వెనక్కి తేలేం.

ఇంకొకటి. 6 వోల్టులు పనికిరావనే మాట నమ్మకండి. ఎవరో సన్నటి 12 వోల్టుల కేబుళ్ళు వేసి ఉంటారు, అందుకే స్టార్టర్ మూలుగుతుంది. లావు కేబుల్ వేసి, ఎర్త్ శుభ్రం చేసి, కాలితో స్టార్టర్ నొక్కి చూడండి.

ఆటోనగర్_కుర్రాడు:
నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కన పెరిగాను. ఛాసిస్ వంకర లేకుండా ఉంటే పైనున్నదంతా మళ్ళీ కట్టుకోవచ్చని అక్కడి మేస్త్రీలు అనేవారు. ఇక్కడ ఛాసిస్ తీసేసి పై రేకు దాచుకుంటామంటే ఏ ట్రక్కును బాగుచేసినట్టు?

కొనేముందు క్యాబ్ కింది మూలలు, మెట్ల దగ్గర, ముందు క్యాబ్ మౌంట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. టింకరింగ్ ఖర్చంతా అక్కడే. గ్రిల్ మీద క్రోమ్ లేదని మాత్రం బేరం తగ్గించొద్దు. కొరియా యుద్ధం రోజుల్లో క్రోమ్‌కు కొరత, రంగు వేసిన గ్రిల్లే ఆ ఏడాదికి సరైనది.

బ్రేకు_ముందు:
ఇంజన్ గొడవలో పిల్లల మాట అందరూ మర్చిపోయారు. ఈ బండికి సీటు బెల్టుల్లేవు. పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబ్ లోపల ఉంటుంది. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కితే బ్రేకులకు ఆయిల్ తోసేది) ఒకటే గది, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అసలు బండిగా ఉంచడం నాకూ ఇష్టమే. కానీ రెండు గదుల మాస్టర్ సిలిండర్, ప్లేట్లు వేసి బిగించిన బెల్టులు లేకుండా పిల్లల్ని ఎక్కించకండి. అసలుతనం పేరుతో ఇది వాయిదా వేయొద్దు, చేతులెత్తి మొక్కుతున్నాను.

హైవే_మనిషి:
బ్రేకుల మాటకు ఎదురు చెప్పను. నెలకు రెండుసార్లు ఊళ్ళో తిరగడానికే అయితే 235 సలహా బాగుంది. రోజూ ఆఫీసుకు తోలేవాడికి మాత్రం నా సలహా మారదు.

ఆరు_సిలిండర్లు:
టైటిల్ సంగతి చూడండి. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు ఇంజన్ నంబరునే టైటిల్‌లో రాసేవి. తలుపు స్తంభం మీది ప్లేటు, ఇంజన్ మీది నంబరు, కాగితం, మూడూ పోల్చాకే డబ్బివ్వండి. ఇంజన్ నంబరే రాసి ఉంటే ఆ ఇంజన్ బ్లాకును ఎప్పటికీ పారేయకండి.

కొత్త_గ్యారేజీ:
శనివారం వెళ్ళొచ్చాను. డ్రైవర్ వైపు క్యాబ్ మౌంట్‌లోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. ఛాసిస్ మాత్రం రెండు పక్కలా గట్టిగా ఉంది. టైటిల్‌లో ఉన్నది ప్లేటు నంబరే, సరిపోయింది. పాన్ నూనె పళ్ళెంలోకి దించితే నీళ్ళు లేవు, కానీ అడుగున వెండి రంగు పొలుసులు (రాడ్ల బ్యాబిట్ అరిగినట్టుంది) కాసిని కనిపించాయి. అది చూపించాక 5,200కి ఒప్పుకున్నారు. బయానా ఇచ్చేశాను. ఛాసిస్ కోయను. ముందు బ్రేకులు, తర్వాత మౌంట్ రేకు, ఆ తర్వాతే ఇంజన్ విప్పుతాను.

డల్లాస్ చుట్టుపక్కల రాడ్లకు బ్యాబిట్ పోసేవాళ్ళు తెలిసి ఉంటే చెప్పండి.