సమస్య: పగిలినట్టి కుండె బంగరమ్ము

నిర్వాహకుడు (నల్లగొండ):

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

పగిలినట్టి కుండె బంగరమ్ము

ఆటవెలదిలో నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే పొత్తు, 'ప'కు 'బం' సరిపోయింది. పై మూడు పాదాలు మీరు రాయాలి. ఎప్పటిలాగే ఇక్కడ ఊరి పేరే కలంపేరు.

ఈ పాదం ఎలా తట్టిందో చెప్తాను. మొన్న మా ఇంట్లో మంచినీళ్ల కుండ పగిలింది. మూడు ఎండాకాలాల నుంచి మాకు చల్లని నీళ్లిచ్చిన కుండ. మా నల్లగొండ ఎండలు మీకు తెలియనివి కావు, మే నెలలో 44 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఫ్రిజ్ నీళ్లు తాగితే దాహం తీరినట్టే ఉండదు నాకు. కుండ పగిలిన రోజు నిజంగా మనసు చివుక్కుమంది. పెంకులు ఎత్తి బయట పారేద్దామని గంపలో వేస్తుంటే మా ఆవిడ ఆపి, అడుగు భాగం తీసుకుని దాచింది. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు మీ పద్యాలు రానివ్వండి.

ఒక్క మాట. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. అందుకే ఈసారి బంగారాన్ని బీరువాలో కాకుండా మీ ఇంట్లో, పెరట్లో, చిన్ననాటి ఆటల్లో వెతకమని నా కోరిక. వేదాంతం వద్దు. కుండ శరీరం, బంగారం ఆత్మ అంటే పూరణ కుదురుతుంది కానీ అందులో మీ ఇల్లు కనిపించదు.

నారాయణపేట:

అన్నా, సమస్య చదవగానే పొయ్యి గుర్తొచ్చింది.

అమ్మ రొట్టె చేసె నవ్వ యిచ్చిన పెంక
పైన జొన్నపిండి పరచి తిప్పి;
పాత కుండ యడుగె పగిలి పెంకగ మారె
పగిలినట్టి కుండె బంగరమ్ము

మా దిక్కు రొట్టె కాల్చేదాన్ని పెంక అంటాం. ఇప్పుడు ఇనుపది వచ్చినా, నాన్‌స్టిక్‌ది వచ్చినా దాని పేరు పెంకనే. మా అవ్వ మాత్రం మట్టి పెంక మీదే కాల్చేది. జొన్నరొట్టె ఆ పెంక మీద పొంగితే వచ్చే వాసన నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మిరం తొక్కు, ఉల్లిగడ్డ ఉంటే ఇంకేం అడిగేవాళ్లం కాదు.

మిర్యాలగూడ:

అక్కయ్యా, చాలా బాగుంది. 'కుండ' నుంచి 'పెంక'కు వెళ్లిన దారి సహజంగా ఉంది. కొత్తగా రాస్తున్నవాళ్ల కోసం మొదటి పాదం విడదీస్తాను: అమ్మ – రొట్టె – చేసె – నవ్వయి – చ్చిన పెంక. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 'చేసెను + అవ్వ' కాబట్టి 'అ'కు 'న'లోని 'అ'తో యతి. ఒక్క సూచన. 'పెంక పైన' అనే మాట రెండు పాదాల మధ్య విరిగింది. తప్పు కాదు కానీ చదివేటప్పుడు చిన్న కుదుపు వస్తుంది.

నిర్వాహకుడు:

సారు చెప్పిన కుదుపు నాకు తగల్లేదు. 'పెంక' దగ్గర ఒక్క క్షణం ఆగి 'పైన జొన్నపిండి' అని అందుకోవడం రొట్టె తిప్పినట్టే ఉంది. అలాగే ఉంచండి అక్కా.

కొల్లాపురం:

గల్లగురిగి నింప గవ్వ గవ్వను దాచి
జాతరైన నాడు జార విడువ
బుడత కనుల ముందు పోగాయె రూకలే
పగిలినట్టి కుండె బంగరమ్ము

మా పిల్లోడు కురుమూర్తి జాతర కోసం గల్లగురిగి (చిల్లర దాచుకునే మట్టి డిబ్బీ) నింపుకునేవాడు. అది పగలగొట్టే రోజు ఇంట్లో పండగే. చిల్లర లెక్కపెట్టడానికి మధ్యాహ్నం పట్టేది.

అచ్చంపేట:

'జార విడువ' అన్న మాట నాకు చాలా నచ్చింది. పగలగొట్టడానికి పిల్లలకు మనసు రాదు, చేతిలోంచి జారినట్టు వదులుతారు. అది చూసినవాళ్లే రాయగలరు. కానీ అన్నా, మొదటి పాదంలో గవ్వలు దాచి మూడో పాదంలో రూకలు తీశారు. గవ్వ అంటే పైసా అనే అర్థం వాడుకలో ఉంది, కాబట్టి చెల్లుతుంది. నాకైతే 'పైస' అన్న మాటే ఎక్కడో ఒకచోట వినబడాలని ఉంది.

కొల్లాపురం:

'పైస పైస' అంటే యతి పోతుంది తమ్ముడూ. 'గల్ల'కు 'గవ్వ' తప్ప నాకు ఇంకేదీ దొరకలేదు.

దేవరకొండ:

సార్, నేను ఇంటర్ చదువుతున్నాను. ఇది నా రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి.

ఏడు పెంకులాట కేడ దొరకు పెంకు
వాడ పిల్లలంత వెదుకుతుండ్రు
అవ్వ చేతి కుండ యట జారి పడినది
పగిలినట్టి కుండె బంగరమ్ము

నిర్వాహకుడు:

తమ్ముడూ, ఈ పద్యం చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. అవ్వ కుండ పగిలిందని అవ్వ బాధ, పెంకులు దొరికాయని పిల్లల సంబరం. పద్యంలో ఆ మాట నువ్వు చెప్పలేదు, అయినా రెండూ వినబడ్డాయి. సమస్యాపూరణంలో కష్టమైన పని అదే, నీకు రెండో పద్యానికే వచ్చింది.

ఇక తప్పు. రెండో పాదంలో 'వా'కు 'వె' యతి వేశావు. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. 'వా'కు 'వ' గానీ 'వా' గానీ 'వై' గానీ కావాలి.

మిర్యాలగూడ:

'వెదుకుతుండ్రు' అన్న రూపం కూడా గ్రాంథికం కాదు కదా.

నిర్వాహకుడు:

సారూ, దాని మీద నాది వేరే మాట. మన పిల్లలు మాట్లాడే మాట పద్యంలోకి వస్తే నాకు సంతోషమే. 'ఏడ దొరకు' అని మొదటి పాదంలో వాడాడు, 'వెదుకుతుండ్రు' దానికి తోడు. గణం సరిపోయింది. యతి ఒక్కటే దిద్దుకోవాలి.

దేవరకొండ:

సార్, 'వాడ పిల్లలంత వచ్చి యడుగ' అంటే?

నిర్వాహకుడు:

సరిగ్గా సరిపోయింది. 'వాడ – పిల్ల – లంత – వచ్చి – యడుగ'. పైగా 'వచ్చి యడుగ, అవ్వ చేతి కుండ జారి పడినది' అంటే అవ్వే వాళ్ల కోసం జారవిడిచిందేమో అన్నట్టు కూడా వినిపిస్తోంది. మొదటి దానికంటే ఇదే మేలు. పద్యం దిద్దితే అర్థం కూడా పెరిగింది చూడు.

సూర్యాపేట:

మా జిల్లా ఫణిగిరిలో 2024లో తవ్వకాల్లో కుండ నిండా నాణేలు దొరికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాని మీద:

ఫణిగిరి దరి తవ్వ బయటపడ్డది కుండ
నిండ నాణెములట నేలలోన
ఏన్గు బొమ్మ తోడ నిక్ష్వాకుల ధనమ్ము
పగిలినట్టి కుండె బంగరమ్ము

హాలియా:

అన్నా, పద్యం నడక బాగుంది. కానీ రెండు అభ్యంతరాలు. అక్కడ దొరికిన 3,730 నాణేలూ సీసంవి, బంగారంవి కావు. రెండోది, పద్యంలో కుండ ఎక్కడా పగలలేదు. అప్పటి వార్తల్లో చదివింది నాకు బాగా గుర్తుంది. కుండ మూతిని పైనుంచి ఒక వెడల్పు కుండతో, లోపలినుంచి ఒక పగిలిన గిన్నె అడుగుతో మూశారు. పగిలింది ఆ గిన్నె.

సూర్యాపేట:

అవును తమ్ముడూ, నేను తొందరపడ్డాను. ఆ గిన్నె అడుగు సంగతి నాకు గుర్తు లేదు. అదే అసలు విషయం కదా! మళ్లీ రాశాను:

పగులు గిన్నె యడుగు పాత కుండకు మూత
నిండ నాణెములట నేలలోన
సీసమైన నేమి చెప్పెను చరితము
పగిలినట్టి కుండె బంగరమ్ము

మిర్యాలగూడ:

ఆహా! సీస పద్యం కింద ఆటవెలది రావడం మన ఛందస్సులో ఆచారం. ఇక్కడ సీసపు నాణేల కిందే ఆటవెలది పాదం వచ్చింది. అనుకుని వేసినా, అనుకోకుండా పడినా అందంగా ఉంది. గిన్నెను కుండ అనవచ్చా అని నన్ను నేను అడిగి, అనవచ్చని ఒప్పుకున్నాను. దాదాపు 1,700 ఏళ్ల కిందట ఎవరో ఇంట్లో పగిలిన గిన్నెను పారెయ్యకుండా దాచి, సమయానికి మూతగా పెట్టారు. మన అమ్మలు చేసే పనే.

నకిరేకల్:

చిన్ని కృష్ణు డుట్టి చిల్లు వెట్టిన చాలు
వెన్న కారు నింట వేడ్క మీఱు
గొల్లభామ కింక కోరికల్ దీరెను
పగిలినట్టి కుండె బంగరమ్ము

నిర్వాహకుడు:

లోపం లేదు. ఈ సమస్యకు కృష్ణుడు ఎవరో ఒకరి పద్యంలోకి రావాల్సిందే, వచ్చాడు.

గద్వాల:

మా ఊరికి విద్వద్గద్వాల అని పేరుంది కదా, ఆ పేరు మీద కొంచెం గారడీ చేస్తాను. ఇది క్రమాలంకారం.

ఎట్టి కుండలోన నేటి నీ రాగదు?
వనిత మెడకు నేది వన్నె దెచ్చు?
క్రమము తప్పకుండ కనుడు జవాబును
పగిలినట్టి కుండె, బంగరమ్ము

నిర్వాహకుడు:

రెండు ప్రశ్నలకూ సమస్యలోనే రెండు జవాబులు. సమస్యలోని విరోధం ఒక్క దెబ్బతో పోయింది. అవధానాల్లో ఇలాంటి పూరణకు చప్పట్లు పడతాయి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లో కవులను ఆదరించిన కాలంలో ఇలాంటి చమత్కారాలు ఎన్ని పుట్టాయో! 'తప్పకుండ'లో కూడా ఒక కుండ దాచారు, గమనించాను. అయితే నా మనసులోని మాట చెప్పాలి. తెలివి చూసి ముచ్చటపడ్డాను కానీ, దేవరకొండ తమ్ముడి అవ్వే నాతో ఇంటిదాకా వచ్చింది.

హైదరాబాద్ (సొంతూరు భువనగిరి):

అద్దె యింట మాకు నంగుళమ్మే లేదు
మట్టి, మల్లెతీగ మాట యేది?
మెట్ల మీద నేడు మేలి మొగ్గలు వేసె
పగిలినట్టి కుండె బంగరమ్ము

ఊరి నుంచి తెచ్చుకున్న కుండ బస్సులోనే పగిలింది. సగం మిగిలితే అందులో మట్టి పోసి మల్లె అంటు నాటాను. మూడో అంతస్తు మెట్ల దగ్గర ఉంది. ఇప్పుడు పక్కింటి వాళ్లు కూడా సాయంత్రం మెట్ల మీద కూర్చుంటున్నారు.

నారాయణపేట:

చెల్లీ, 'అంగుళమ్మే లేదు మట్టి' చదివి కళ్లు చెమర్చాయి. పాదం విరిచి 'మట్టి'ని ఒంటరిగా కింద పెట్టావు. లేని మట్టి అక్కడే కనిపిస్తోంది.

హుజూర్‌నగర్:

మాది కుమ్మరి ఇల్లు. తాత చేసేవాడు, నాన్న కొన్నాళ్లు చేశాడు, నేను బ్యాంకులో పని చేస్తున్నాను. మీరంతా పగిలిన కుండను ఇంటి నుంచి చూశారు. నేను ఆవం (కుండలు కాల్చే బట్టీ) దగ్గర నుంచి చూసింది రాస్తున్నాను.

ఆవమందు కప్ప నా పెంకులే గతి
వేడి నిలుపగలవి వేరు లేవు
కొత్త కుండ కాల్చ కుమ్మరి తాతకు
పగిలినట్టి కుండె బంగరమ్ము

పచ్చికుండలు పేర్చి, కట్టెలు, పిడకలు సర్ది, పైన పాత పెంకులు కప్పి, గడ్డి వేసి మట్టి మెత్తుతారు. పెంకులు లేకపోతే వేడి బయటికి పోతుంది, కుండలు సరిగా కాలవు. అందుకే పగిలిన కుండను మా తాత ఎప్పుడూ పారెయ్యనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఆ కుప్ప మీద ఆడుకుంటే కేకలేసేవాడు. కొనేవాళ్లు కుండను వేలితో కొట్టి చూస్తారు. కంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులుందని అర్థం. అలా పక్కన పెట్టిన కుండలు కూడా ఆ కుప్పలోకే చేరేవి.

నిర్వాహకుడు:

ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే. ఇందులో 'బంగరమ్ము' ఉపమానం కాదు. పగిలింది లేకపోతే కొత్తది పుట్టదు, అది వాళ్ల పనిలో ఉన్న నిజం. 'గతి' దగ్గర మొదటి పాదం ఆగిన తీరు చూడండి. అలంకారం ఒక్కటీ లేదు, అవసరం కూడా పడలేదు. అన్నా, మీ తాత మాట ఇంకా ఏదైనా గుర్తుంటే రాయండి, పద్యం కాకపోయినా సరే.

మిర్యాలగూడ:

నాదీ అదే ఓటు. మీ పద్యం ఇంకా రాలేదు నిర్వాహకా. ఆ కుండ అడుగు మీ ఇంటావిడ ఎందుకు దాచారో చెప్తానన్నారు.

నిర్వాహకుడు:

ఎండకాల మందు నింటి గోడల మీద
నీటి చుక్క కొఱకు నిలిచె పిట్ట
కుండ పెంకులోన గుక్కెడు నీరుంచ
పగిలినట్టి కుండె బంగరమ్ము

డాబా పిట్టగోడ మీద పెట్టింది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి సగం అవుతాయి. ఎండకు ఎన్ని ఆవిరయ్యాయో, పిట్టలు ఎన్ని తాగాయో తెలియదు. మళ్లీ పోస్తాం. నిన్న రెండు పిచ్చుకలు, ఒక గోరింక వచ్చాయి. గోరింక తాగడం మానేసి స్నానం మొదలుపెట్టింది. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైంది నాకు.

మిర్యాలగూడ:

పద్యం చల్లగా ఉంది. 'నిలిచెన్ + పిట్ట' కాబట్టి 'నిలిచెఁ బిట్ట' అని సరళాదేశం చెయ్యాలి, అంటే 'ప' 'బ' కావాలి.

నిర్వాహకుడు:

దిద్దుకుంటాను సారూ. 'నీటి చుక్క కొఱకు నిలిచెఁ బిట్ట'.

వచ్చే వారం సమస్య, తేటగీతిలో:

అప్పు లేకున్న నిద్రయే యంటదయ్యె